పది ప్లాస్టిక్ గోళ్లు, ఒక నిమ్మకాయ

మార్చి పద్దెనిమిదో తేదీ మధ్యాహ్నం అన్నంలో పప్పు కలుపుకుని మొదటి ముద్ద నోటి దగ్గరికి తెచ్చేసరికి కుళ్లు వాసన కొట్టింది. పప్పు పాడైందనుకున్నాను. పొద్దున వండిన పప్పు, పైగా ఎండలు ముదిరాయి, కోడలు సుజాత మూత సరిగా పెట్టి ఉండదు అని నాలో నేనే తీర్పు చెప్పేసుకుని గిన్నెడు పప్పూ పెరట్లో పారబోశాను. గిన్నె తోమాను. సబ్బుతో చెయ్యి కడుక్కుని వచ్చి పెరుగన్నం కలుపుకున్నాను. అందులోనూ అదే వాసన. అప్పుడు చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వాసన నా కుడిచేతి చూపుడువేలి నుంచి వస్తోంది.

నాకు డెబ్భై ఒక్క ఏళ్లు. ఆళ్లగడ్డలో కొడుకు, కోడలితో ఉంటాను. లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. పదహారేళ్లుగా షుగరు ఉంది. రోజూ రీడింగు తేదీ వేసి రాసుకుంటాను కాబట్టి ఇక్కడ చెప్పే తేదీలు ఊహించి చెబుతున్నవి కావు. ఆ వేలికి అంతకు పన్నెండు రోజుల ముందు, మార్చి ఆరున, ప్లాస్టిక్ గోరు అతికించారు. ఒక వేలికే కాదు, పదింటికీ.

అతికించింది మా మనవరాలు షారోన్, నా కొడుకు కూతురు. కర్నూలులో ఆ పని నేర్చుకుని నంద్యాలలో బస్టాండు వెనక సందులో చిన్న గది తీసుకుని గోళ్ల షాపు పెట్టింది. మొదలుపెట్టే రోజు ప్రార్థనకు వెళ్లాను. ప్రార్థన అయింది, వచ్చినవాళ్లు కేకు తిని వెళ్లిపోయారు, కుర్చీ మాత్రం ఖాళీగా ఉంది. గోళ్లు పెట్టించుకోవడానికి ఒక్కరూ కూర్చోలేదు. షారోన్ నా చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. ఫోనులో అందరూ పడుచు పిల్లల చేతులే పెడతారట. ముడతల చెయ్యి పెడితే జనం ఆగి చూస్తారట. రెండు వారాల పైన ఉంచుకుంటే చాలు, ఇరవై రెండున మళ్లీ ఒకసారి ఫోటోలు తీసుకుని తానే తీసేస్తానంది. పిల్ల మొహం చూసి కూర్చున్నాను.

మా ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కేవాళ్ల దగ్గర గ్రైండరు ఉంటుంది. దాన్ని పెన్నంత చేస్తే ఎలా ఉంటుందో అలాంటి మిషనుతో నా గోళ్లన్నీ గీకింది. దుమ్ము లేచింది. ముక్కు మండే ఘాటు వాసన ఉన్న ద్రవంలో పొడి కలిపి, పైన మెత్తి, ఆరబెట్టి, రంగు వేసింది. ముదురు ఎరుపు. వేలి చివర దాటి అంగుళం పొడవు. నా చేతులు నావిగా అనిపించలేదు. బట్టల షాపు బొమ్మ చేతులు విరిచి తెచ్చి నాకు తగిలించినట్టుంది.

కష్టాలు తిరుగు బస్సులోనే మొదలయ్యాయి. ఆడవాళ్లకు టికెట్టు ఉచితమే కానీ ఆధార్ కార్డు చూపించాలి. పర్సు అరలో ఉన్న కార్డును వేళ్లతో పట్టుకోలేకపోయాను. గోళ్లు కార్డు మీద జారుతున్నాయి. వెనక మనుషులు చూస్తున్నారు. కండక్టరు కాసేపు ఓపికపట్టాడు.

"ఏందవ్వా, ఈ వయసులో ఇంత గోర్లు బెట్టినావు? కార్డు తీయనీకి ఇంగొకర్ని తోడు తెచ్చుకోవాల్సింది."

బస్సులో నవ్వారు. పక్క సీటు ఆమె కార్డు తీసి ఇచ్చింది.

ఇంటికొచ్చాక జాకెట్టు హుక్కులు రాలేదు. కోడలిని పిలిచాను. పెళ్లయి వచ్చిన ఇన్నేళ్లలో ఆమెతో నేను ఆ పని చేయించుకున్నది అదే మొదలు. షుగరు మాత్ర అట్టలోంచి నొక్కితే రాదు. గ్లూకోమీటరు స్ట్రిప్పు డబ్బాలోంచి లాగితే వంగిపోతుంది, ఒక్కొక్క రీడింగుకు రెండు మూడు స్ట్రిప్పులు పాడయ్యాయి. కంట్లో నలుసు పడితే తుడుచుకోబోయి రెప్ప మీద గీరుకున్నాను. పిన్నీసు కింద పడితే అక్కడే వదిలేశాను. ఆదివారం చర్చిలో బైబిలు పేజీ తిప్పబోతే మూడు పేజీలు ఒకేసారి తిరిగి చివర చిరిగింది. ఫోను నొక్కితే గోరు తగులుతుంది కానీ ఫోనుకు తెలియదు. వేలు పడుకోబెట్టి నొక్కాల్సిందే.

అన్నిటికంటే అసహ్యం తిండి దగ్గర. సంగటి ముద్ద చేస్తే సగం గోళ్ల కిందికి పోతుంది. పుల్లతో తీస్తే బూడిద రంగు మెత్తటి మడ్డి వస్తుంది. పొద్దున తిన్నది రాత్రి తీస్తే పులిసి ఉంటుంది. మరుగుదొడ్డి సంగతి రాయక తప్పదు. తినే చెయ్యి కాకపోయినా, ఆ ఎడమ చేతికీ గోళ్లున్నాయి. ఎన్నిసార్లు బ్రష్షు పెట్టి రుద్దుకున్నా శుభ్రమైందన్న నమ్మకం కలగలేదు. ఆ రెండు వారాలు మా ఇంట్లో ఎవరికీ నా చేత్తో వడ్డించలేదు.

పద్నాలుగో తేదీన వెల్లుల్లి ఒలుస్తుంటే చూపుడువేలి గోరు మొదట్లో టక్కుమంది. ప్లాస్టిక్కు ఒక పక్క లేచి, సందులో నా అసలు గోరు తెల్లగా కనిపించింది. అవసరం పడుతుందేమోనని షారోన్ చిన్న గమ్ము ట్యూబు ఇచ్చి పంపింది. చెయ్యి తడి తుడుచుకుని, సందులో గమ్ము పోసి అదిమి పట్టుకున్నాను. అతుక్కుంది. లోపల తడి ఉండిపోయిందన్న ఆలోచన రాలేదు. నాలుగు రోజులకు పప్పు పారబోశాను.

వాసన ఎక్కడిదో తెలిసిన వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సింది. వెళ్లలేదు. అప్పటికి నా చెయ్యి ఫోటో చాలామంది ఫోన్లలో తిరిగి షారోన్ షాపుకు పిల్లలు వస్తున్నారు. రుద్రవరం నుంచి కూడా ఇద్దరు వచ్చారని సంబరంగా చెప్పింది. ఆ ఫోటోలో వేలే కుళ్లిందని బయటపడితే ఆ కుర్చీలో ఇంక ఎవరు కూర్చుంటారు? ఇరవై రెండున ఎలాగూ తీసేస్తుంది కదా అనుకున్నాను. మర్నాడు గోరు పక్కన వాచి ఎర్రబడింది. లోపల టపటపా కొట్టుకుంటోంది. గోరుచుట్టు అనుకున్నాను. గోరుచుట్టుకు మా ఇళ్లలో అందరం చేసేదే చేశాను. నిమ్మకాయకు బొక్క చేసి, కొంచెం పసుపు వేసి, ప్లాస్టిక్ గోరుతో సహా వేలికి తొడిగాను. నిమ్మకాయ వాసనకు ఆ వాసన అణిగింది. కోడలు అడిగితే గోరుచుట్టని చెప్పాను, ఆమె కూడా ఇంకో రోజు ఉంచుకోమంది. రెండు రోజులు ఉంచాను.

ఇరవై రాత్రి చలిజ్వరం వచ్చింది. పొద్దున షుగరు రెండు వందల అరవై నాలుగు. కోడలికి చెప్పి, నిమ్మకాయ వేలితోనే నంద్యాల బస్సెక్కాను. గోరు చప్పుడు లేకుండా తీయించుకుని వచ్చేద్దామన్నది నా లెక్క.

షాపులో కుర్చీలో ఒకమ్మాయి, బల్ల మీద ఇద్దరు ఉన్నారు. పక్కకు రమ్మని షారోన్‌కు సైగ చేశాను. ఆమె అక్కడే నా వేలి నుంచి నిమ్మకాయ లాగింది. గది నిండా వాసన. బల్ల మీది పిల్లలు ముక్కులు మూసుకున్నారు. షారోన్ వాళ్లవైపు తిరిగి, ఇది నేను పెట్టిన గోరే, ఈ పొద్దు షాపు మూస్తాండా అని చెప్పి, కుర్చీలో ఉన్న అమ్మాయిని సగం పనితోనే లేపేసింది. దాచడానికి నేను పడ్డ పాటంతా ఒక్క నిమిషంలో పోయింది.

ఆస్పత్రిలో ఆక్సిజను చూసే క్లిప్పు నా ఏ వేలికీ పట్టలేదు. నర్సు విసుక్కుని చెవికి పెట్టింది. మిగతా గోళ్లు కూడా తీస్తేనే లోపలికి పంపుతామన్నారు. షారోన్ పరుగున వెళ్లి తన మిషను, సీసా తెచ్చి వరండా బెంచీ మీదే తొమ్మిదీ తీసింది. దుమ్ము చూసి నర్సు, "ఈడ పార్లరు తెరిచినారామ్మా?" అంది. షారోన్ ఆ దుమ్మును చున్నీతో తుడిచింది. పదోది ముట్టుకోవడానికి ఆమెకు చెయ్యి రాలేదు.

దాన్ని డాక్టరు తీశారు. సర్జను, నడివయసు మనిషి. వేలి మొదట్లో లోకల్ ఇంజెక్షన్ ఇచ్చి, ప్లాస్టిక్కును ఎత్తితే దాంతోపాటే నా సొంత గోరు కూడా ఊడి వచ్చింది. చూడొద్దన్నారు, చూశాను. గోరు అడుగు పాచి పట్టిన తొట్టిలా పచ్చగా, మధ్యలో నల్లగా ఉంది. కింద చర్మం నానిపోయి, పక్కన కోసిన చోట చీము చిక్కగా కారింది. నాకు నొప్పి తెలియలేదు కానీ వాంతి వచ్చింది.

సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా అయ్యుండొచ్చు, తడి దొరికితే పెరుగుతుంది, ఏ క్రిమో తేలడానికి చీమును కల్చర్‌కు పంపుతాం అన్నారు. నిమ్మకాయ సంగతి నేనే చెప్పాను.

"మా అమ్మా పెట్టేది పెద్దమ్మా, నాకు తెల్సు. కానీ మీరు కింద ప్లాస్టిక్ ఉంచుకోని పైన నిమ్మకాయ తొడిగినారు. మూతేసి పులియబెట్టినట్ల చేసినారు."

యాంటీబయాటిక్ మాత్రలు, రోజు విడిచి రోజు డ్రెస్సింగు. నంద్యాలలో షారోన్ అద్దెకుంటున్న గదిలోనే ఉండిపోయాను. మూడో డ్రెస్సింగు రోజు కట్టు విప్పితే వేలి చివర వంకాయ రంగులో ఉంది. నొక్కితే మళ్లీ చీము. షుగరు మూడు వందలు దాటింది. ఎక్స్‌రే తీశారు. డాక్టరు దాన్ని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశారు.

"బోన్ చివర మసగ్గా ఉంది. ఇప్పుడే చెప్పలేం. అడ్మిట్ కాండి, ఐవీ మొదలుపెడ్తాం, ఇన్సులిన్ కూడా. వారం చూసి మళ్లీ ఎక్స్‌రే. బోన్‌కు పోయింటే ఈ చివరి కణుపు తీయాల్సొస్తాది."

మా అమ్మకు షుగరు. ఆమెకు మొదట కాలి బొటనవేలు తీశారు. తర్వాత పాదం. ఆ తర్వాత మోకాలి కింద. ఆ వరుస నాకు తెలుసు. ఒక కణుపే కదా అని కోడలు ఫోనులో ధైర్యం చెప్పింది. ఒక కణుపుతో ఆగుతుందని నేను ఎలా నమ్మాలి?

ఆ వారం షారోన్ షాపు తెరవలేదు. రోజులు పోతున్నాయి, వెళ్లి తెరువు అన్నాను.

"షాపు యాడికీ పోదులే అవ్వా. ఏలు పోతే యాడినుంచి తేవాల?" అంది.

ఎడమ చేతికి సెలైను, కుడి చేతికి కట్టు. మొదటి రోజు రాత్రి షారోన్ అన్నం కలిపి ముద్ద నోటి దగ్గర పెట్టింది. ఆమె వేళ్లకూ పొడవాటి గోళ్లే, గులాబీ రంగువి. వాటి కింద పప్పు ఇరుక్కుని ఉంది. నేను నోరు తెరవలేదు. ఆ గోళ్లతో నాకు పెట్టొద్దు, పస్తయినా ఉంటాను కానీ ఆ చేత్తో తినను అన్నాను. అంత కరుకుగా అనాల్సింది కాదని ఇప్పటికీ అనుకోను. పిల్ల లేచి వెళ్లి స్పూను అడిగి తెచ్చింది.

మర్నాడు పొద్దున ఇడ్లీ తెచ్చింది. చేతులు చూస్తే పది వేళ్లూ బోడిగా ఉన్నాయి. ఎన్నాళ్లుగానో ప్లాస్టిక్కు కింద ఉండి ఆమె సొంత గోళ్లు ఉల్లిపొరలా పలచబడి, వేడి తగిలితే చురుక్కుమంటున్నాయట. ఇడ్లీ తుంచేటప్పుడు మొహం ముడుచుకుంది. "నోరు తెరువవ్వా, ఇప్పుడు తిను," అంది. తిన్నాను.

కల్చర్ రిపోర్టు వచ్చాక ఇంజెక్షన్ మార్చారు. రెండు రోజులకు వాపు దిగింది, వేలి రంగు తిరిగింది. వారానికి తీసిన రెండో ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉంది. మొదటిదాంట్లో మసక ఎముకది కాకపోవచ్చు, వాపు వల్ల అలా కనిపించి ఉండొచ్చు అన్నారు డాక్టరు. "మీ ఏలు బతికిపోయిందమ్మా," అని కట్టు తానే కట్టారు. ఏప్రిల్ నాలుగున ఆళ్లగడ్డకు వచ్చాను. మొదటి పని కోడలికి పప్పు సంగతి చెప్పడం. మూత నువ్వు సరిగానే పెట్టినావు అన్నాను. ఆమె నవ్వి, ఈసారి పారబోసే ముందు నన్నడుగత్తా అంది.

గోరు పూర్తిగా రావడానికి అక్టోబరు దాకా పట్టింది. వచ్చింది కూడా మునుపటిలా లేదు. మందంగా, గరుగ్గా, మధ్యలో దున్నిన చాళ్లలా గీతలతో ఉంది. దానితో వెల్లుల్లి ఒలుస్తున్నాను, మాత్ర నొక్కుకుంటున్నాను, హుక్కులు నేనే పెట్టుకుంటున్నాను. ఇన్సులిన్ ఆపేశారు, మాత్రలు నడుస్తున్నాయి.

షారోన్ షాపు మళ్లీ నడుస్తోంది. కొన్నాళ్లు ఎవరూ రాలేదు, తర్వాత వచ్చారు. ఈ గోళ్లంటే నాకు అసహ్యం పోలేదు, పోదు. ఆమె తిండి అదే కాబట్టి ఆ మాట ఆమె ముందు రోజూ అనను. పోయిన నెల వెళ్లినప్పుడు చూశాను, గోడ మీద నా ఎర్ర గోళ్ల ఫోటో తీసేసింది. ఆ చోట నా అనుమతితోనే, ఆస్పత్రిలో గోరు ఊడదీసిన రోజు తాను తీసుకున్న వేలి ఫోటో, పక్కనే ఇప్పటి గీతల గోరు ఫోటో పెట్టింది. కుర్చీలో కూర్చున్న ప్రతి పిల్లనూ మొదట షుగరుందా అని అడుగుతుంది. తర్వాత ఆ గోడ చూపిస్తుంది. "ఇది మా అవ్వ ఏలు. గోరు లేస్తే గమ్ము బెట్టొద్దు, కట్టు కట్టొద్దు, అదే రోజు నా కాడికి రా, తీసేస్తా." నేనుండగానే ఒక పిల్ల ఆ ఫోటో చూసి మొహం తిప్పుకుని లేచి వెళ్లిపోయింది. షారోన్ ఆపలేదు.

ఇది చదివేవాళ్లలో ఆ గోళ్లు ఉన్నవాళ్లకు, ముఖ్యంగా షుగరున్నవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. భోజనానికి ముందు చెయ్యి కడుక్కున్నాక ఒక్కొక్క వేలూ ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. వాసన వస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. పప్పు పారబోయకండి.