ఠాణా బాకీపడ్డ కొబ్బరికాయ

గున్నమ్మ నోట మొగుడి పేరు ఎవరూ వినలేదు. శ్రీకాకుళం పక్కనుంచి పెళ్లయి భిలాయి ఉక్కు ప్లాంటువాళ్ల రుఆబాంధా క్వార్టరుకి వచ్చిన నాటినుంచీ గురునాథరావు ఆమెకి "మావోడే". ప్లాంటు ఆసుపత్రిలో అడిగినా పక్కవాళ్లచేత చెప్పించేది. ఆమె పలకని పేరు ఇంకొకటుంది, బజార్లో చేపలమ్మే బీణాపాణిది.

బీణాపాణి వాళ్లది తూర్పు బెంగాల్. అక్కడ అల్లర్లలో ఇళ్లు కాలిపోతే తల్లిదండ్రులు ఆమెని చంకనేసుకుని తెచ్చారు. మానా కాందిశీకుల శిబిరంలో చోటిచ్చిందీ, బియ్యం పోసిందీ సర్కారే. పెళ్లయ్యాక భిలాయి వచ్చి చేపలబుట్ట పెట్టింది. చేప లేనిదే గున్నమ్మకి ముద్ద దిగదు. బేరాల దగ్గర తిట్టుకుంటూ తిట్టుకుంటూనే ఇద్దరికీ జత కుదిరింది. ఓ రాఖీ మర్నాడు ఛత్తీస్‌గఢీ ఆడవాళ్లతో కలిసి, గోధుమ మొలకలు ఒకరి చెవిలో ఒకరు పెట్టుకుని భోజలి కట్టారు. భోజలి కట్టినవాళ్లు తోడబుట్టినవాళ్లకంటే ఎక్కువ. ఆపైన పేరు పెట్టి పిలుచుకోకూడదు, "భోజలీ" అనే పిలుచుకోవాలి. పేరు పలికినవాళ్లు తప్పుకింద రెండోవాళ్లకి కొబ్బరికాయ ఇచ్చుకోవాలి. ఇచ్చేదాకా ఇద్దరి మధ్యా ఆ పిలుపు ఉండదు.

తొంభైల మొదట్లో, బెంగాల్ వైపు సరిహద్దు కాపలాకని ఢిల్లీలో డబ్బు మూటలు విప్పారు. కంచె వేస్తారట, దొంగచాటుగా వచ్చినవాళ్లని ఏరి పంపేస్తారట. ప్లాంటు వైర్ రాడ్ మిల్లులో తాము చుట్టలు చుడుతున్న తీగ ఆ కంచెకేనని ఫోర్‌మన్ చెప్పాడని గురునాథరావు అన్నం దగ్గర మురిసిపోయాడు. గున్నమ్మా మురిసింది. ఆ మూటలోంచి నాలుగు పైసలు ఇక్కడి ఠాణాలోనూ రాలితే, కొత్త జీపొచ్చింది. సరిహద్దెక్కడ, రుఆబాంధా ఎక్కడ? కానీ జీపంటూ ఇచ్చాక అందులో ఎవర్నో ఒకర్ని ఎక్కించాలి. లేకపోతే వచ్చే ఏడు డబ్బు రాదు. ఎలకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకునే తెలివి ఇది.

ఓ పొద్దున ఆ జీపు చేపలబుట్ట దగ్గర ఆగింది. నువ్వూ దొంగచాటుగా వచ్చినదానివేనన్నాడు ఠాణా పెద్ద దరోగా. బీణాపాణి శిబిరం నాటి కాగితం చూపిస్తే, ఇలాంటివి ఎవరైనా పుట్టిస్తారని విసిరేశాడు. క్వార్టర్లవాళ్లెవరైనా సాక్ష్యం చెప్పాలన్నాడు. పక్కనే చేపలేరుతున్న గున్నమ్మని చూపించి, నా భోజలిని అడగండి అంది బీణాపాణి ధీమాగా.

దీని పేరేమిటని దరోగా గున్నమ్మని అడిగాడు. మా భోజలి అంది. అసలు పేరు చెప్పమని గద్దించాడు. గున్నమ్మ మళ్లీ మా భోజలే అంది. పోనీ మీ ఆయన పేరు చెప్పమన్నాడు. మావోడు, అంది. కానిస్టేబుళ్లు పగలబడి నవ్వారు. మొగుడి పేరే తెలియనిదాని సాక్ష్యం ఎవడిక్కావాలని, దరోగా బీణాపాణిని జీపెక్కించాడు.

"చెప్పకు భోజలీ. వాళ్లే వదిలేస్తారు," అంది బీణాపాణి జీపులోంచి.

వదల్లేదు. సాయంత్రం రైల్లో బెంగాల్ తీసుకెళ్లి, అక్కణ్ణుంచి సరిహద్దు నది అవతలికి తోసేస్తారని మధ్యాహ్నానికల్లా బజారంతా పాకింది. డ్యూటీ దిగి వచ్చిన గురునాథరావు, అది సర్కారు పని, మనకెందుకన్నాడు. గున్నమ్మకి ఒళ్లు మండిపోయింది. దరోగా మీద ఎంత మంటో, పేరు పలకలేని తనమీదా అంతే మంట.

"ఏటయ్యా, నీ తీగ ఎవుల సుట్టూ కడతన్నారో సూసినావా?" అని, చెప్పులైనా వేసుకోకుండా బయల్దేరింది. బజారు ఆడవాళ్లు వెనకాలే నడిచారు.

ఠాణా గుమ్మంలో నిలబడి, వచ్చీరాని హిందీలో వీధి చివరిదాకా వినబడేట్టు అరిచింది.

"అది బీణాపాణి. బీణాపాణి మండల్. నేను వైర్ రాడ్ మిల్లు గురునాథరావు పెళ్లాన్ని. ఇంకెంతమంది పేర్లు కావాలి నీకు?"

వెనకున్న ఆడవాళ్లూ అందుకున్నారు. ప్లాంటువాళ్లతో గొడవ యూనియన్ దాకా పోతుందని దరోగాకి తెలుసు. పొద్దు వాలేలోగా బీణాపాణిని వదిలేశాడు.

బయటికొచ్చిన బీణాపాణి గున్నమ్మ చెయ్యి పట్టుకుని ఏడ్చింది. కళ్లు తుడుచుకుని, "పద గున్నమ్మా," అంది. ఆ పిలుపు గున్నమ్మకి చెంపదెబ్బలా తగిలింది. కానీ కట్టు కట్టే. తప్పు తీరేదాకా భోజలి అనడానికి లేదు.

ఓ కాయ కొనిచ్చేస్తే పోతుంది కదా అన్నాడు గురునాథరావు.

"తప్పు నాదేటి? పలికించినోడు కట్టాల," అంది గున్నమ్మ.

మర్నాడు ఠాణాకి వెళ్లి నిజంగానే కొబ్బరికాయ అడిగింది. దరోగా నవ్వి గెంటించాడు. అప్పట్నుంచి జీపు బజార్లోకి వచ్చినప్పుడల్లా "కాయేదీ?" అని నిలదీసేది. కొన్నాళ్లకి కూరలవాళ్లూ అడగడం మొదలెట్టారు. పోనీ నేనే కాయ కొని నీ చేతికిస్తాను, నాకు ఇచ్చెయ్యి అని బీణాపాణి బతిమాలింది. గున్నమ్మ ఒప్పుకోలేదు.

రెండేళ్లకి ఢిల్లీ మళ్లీ మూటలు విప్పింది. ఠాణాకి రెండో జీపొచ్చింది. కొబ్బరికాయ మాత్రం రాలేదు. బీణాపాణి ఇప్పటికీ ఆమెని గున్నమ్మా అనే పిలుస్తోంది.