ఒంటికాలి గోలు

ఎదురు ఫ్లాట్ వెల్డర్ గారు మంగళవారం పొద్దున పోయారు. "నిద్రలోనే, వదినా" అని ఆయన భార్య ఫోన్ చేసింది. సింగపూర్ జురాంగ్ వెస్ట్‌లో పద్దెనిమిదేళ్ళు ఎదురెదురు తలుపులుగా బతికాం. లెక్కల టీచరుగా రిటైరైనదాన్ని, పొగడ్త నా నోట తేలిగ్గా రాదు. ఇవాళ వస్తుంది, భరించండి.

పోయినేడు మా మనవరాలు బంతినే చూస్తూ పరుగెత్తి, గోల్ స్తంభానికి గుద్దుకుని చెయ్యి విరగ్గొట్టుకుంది. ఆడేది అమెరికన్ ఫుట్‌బాల్. చేత్తో విసిరిన బంతిని పట్టుకోవడానికి మైదానం చివరిదాకా పరుగెత్తాలి. ఆ చివర, సరిగ్గా గీత మీదే, రెండు కాళ్ళ పాత గోలు. కొత్తది చేసే పని వెల్డర్ గారి వర్క్‌షాపుకే వచ్చింది.

మళ్ళీ రెండు కాళ్ళే పెట్టమన్నాడు యజమాని, పని తేలికని. ఈయన వినలేదు. "ఒక్క కాలే. గీతకి ఆరడుగులు ఎనక పాతి, కొంగ మెడలాగ ముందుకి ఒంచుతాను. అది ఒరిగితే నా పేరు ఒరిగినట్టే" అన్నారట.

ఏది చేసినా ముందు నేల మీద సుద్దతో అసలు కొలతకి గీసుకోవడం ఆయన పద్ధతి. ఆ వారం ఆదివారం మా బ్లాక్ కింద ఖాళీ జాగాలో గీశారు. టేపు పెట్టి చూశాను. ఇరవై నాలుగడుగులు.

"ఏమండీ, ఇది మామూలు ఫుట్‌బాల్ గోలు వెడల్పు. దీనికి పద్దెనిమిదిన్నరే."

ఆయన చేతిలోని సుద్దముక్క వంక చూశారు. "ముప్పయ్యేళ్ళు అవే సేసిన సెయ్యమ్మా. దానంతటదే గీసేసింది."

"అయితే చేతినొక్కదాన్నే పంపాల్సింది, మీరు రావడమెందుకు?"

నవ్వి, తడిగుడ్డతో తుడిచి, మళ్ళీ గీశారు. తప్పు దిద్దుకోవడానికి ఆయనకి పట్టింది అంతసేపే. మా స్టాఫ్ రూములో కొందరికి ఉద్యోగకాలం చాలలేదు.

పది అడుగుల ఎత్తున అడ్డకమ్మీ, దాని రెండు చివర్ల నుంచి ఆకాశంలోకి పొడుగాటి నిలువు గొట్టాలు, ఆ బరువంతా వంగిన ఒంటికాలి మీద. నిలబెట్టిన రోజు కమ్మీ చివర్లకి ఇసుక బస్తాలు వేలాడదీసి, సరిగ్గా దాని కిందే కుర్చీ వేసుకున్నారు.

"అది పడితే?" అన్నాను.

"పిల్లల్ని పంపేది దీని కిందికే కదమ్మా. ముందు నేను కూకోవాలి."

సాయంత్రం దాకా కూర్చున్నారు. గోలు వెంట్రుకవాసి కూడా ఒరగలేదు.

నిన్న మనవరాలు ప్రాక్టీసు మానలేదు. "అంకుల్ ఉంటే వెళ్ళమనేవారు లా, అమ్మమ్మా" అంది, ఇక్కడివాళ్ళ అలవాటు "లా" తగిలించి. నేనూ వెంట వెళ్ళాను. బంతి ఆమె తల మీదుగా దూసుకుపోయింది. కళ్ళు ఆకాశానికి అప్పగించి వెంటపడింది. చివరి గీత దగ్గర, అడ్డకమ్మీ కింద, బంతి చేతుల్లో పడేదాకా ఒక్కసారి కూడా ముందేముందో చూసుకోలేదు.