లాల్‌బీ కొలిచిన వాన

నాకు తొందర ఎక్కువ. కోపం అంతకన్నా ఎక్కువ. 1983 జూలైలో ఆ రెండూ కలిసి నా చేత చేయించిన పని తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ఒక మనిషి పద్నాలుగేళ్ల కష్టం మీద ఎర్ర పెన్సిలుతో ఒక్క గీత గీసి పారేశాను.

ఆ మనిషి పేరు లాల్‌బీ. తాండూరు తహసీలు కార్యాలయంలో అటెండరు. 1969లో భర్త అజమత్ పోతే ఆయన ఉద్యోగం ఆమెకిచ్చారు. ఉద్యోగంతో పాటు ఆవరణలోని వాన డబ్బా కూడా ఆమె చేతికొచ్చింది. నాపరాళ్ల గద్దెలో సిమెంటుతో బిగించిన గరాటు డబ్బా అది. లోపల సీసా ఉంటుంది. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు సీసాలో నీళ్లు గీతల గ్లాసులోకి వంచి, ఎన్ని మిల్లీమీటర్లో రిజిస్టరులో రాయాలి.

ఇంతేనా అనుకుంటాం. ఆ ఇంతేను ఆమె ఒక్కనాడూ ఎగ్గొట్టలేదు. రంజాను పండుగైనా సరే, ఒళ్లు కాలిపోతున్నా సరే. కూతురు జహీరాబీని అత్తగారింటికి పంపేనాడు పెళ్లివారి బస్సు ఆపించి, వచ్చి నీళ్లు కొలిచి, మళ్లీ వెళ్లి బస్సెక్కిందట. రిజిస్టరులో ఒకచోట వంకర టింకర తెలుగులో ఇలా ఉంది: "పెండ్లోళ్లు డబ్బాల చేతులు కడుక్కున్నరు. ఇది వాన గాదు. లెక్కల పట్టొద్దు." అది చదివి పడీ పడీ నవ్వాను. నవ్వానే తప్ప, ఇలా రాసే మనిషి దొంగ లెక్కలు రాస్తుందా అని ఆలోచించానా? లేదు!

నా సంగతి కూడా చెప్పాలి. నా పేరు బాల్‌రాజ్, మాది బొంరాస్‌పేట. హైదరాబాదులో చదివి వాతావరణ పరిశోధనలో చేరాను. మా వైపు వానలు తగ్గుతున్నాయా లేదా తేల్చే పని నాకు అప్పగించారు. సొంత ప్రాంతం, మొదటి పెద్ద పని! వికారాబాదు స్టేషను దగ్గర గది తీసుకుని, లెక్కల కట్టలు నేలంతా పరుచుకుని కూర్చున్నాను. తాండూరుకు రెండు చోట్ల లెక్కలున్నాయి. ఒకటి లాల్‌బీది. రెండోది ఊరికి మూడు మైళ్ల దూరంలో ఉన్న ఒక విత్తనాల పొలానిది. అక్కడ కాపలాదారు మొగులప్ప కొలిచేవాడు. పొలంలో డబ్బా ఎనిమిదేళ్ల కిందట పెట్టిన కొత్తది, పైన డిగ్రీలు చదివిన వాళ్లున్నారు. ఇంకేం, అదే అసలు లెక్క అని నిర్ణయించేసుకున్నాను.

రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే వాన పడ్డ రోజు ఒక్కటీ కలవలేదు. పొలంలో అరవై ఎనిమిది కురిసిన రోజు లాల్‌బీ దగ్గర సున్న. లాల్‌బీ అరవై ఏడు రాసిన రోజు పొలంలో సున్న. నెల మొత్తం కూడితే మాత్రం ఇంచుమించు సరిపోయేది. నా తెలివి చూడండి! అది చూసి నా అనుమానం ఇంకా ముదిరింది. ఈమె ఇంట్లో పడుకుని, నెలాఖరున పొలంలో కురిసిన మొత్తం తెలుసుకుని, ఇష్టమొచ్చిన రోజుల మీద చల్లేస్తోందని తేల్చేశాను. అదే పై ఆఫీసుకు రాశాను. జవాబు వెంటనే వచ్చింది. తాండూరు డబ్బా పీకించి వేరే ఊరికి పంపాలి, కల్పిత లెక్కలు రాసినట్టు లాల్‌బీ సర్వీసు పుస్తకంలో ఎక్కించాలి. ఆమె ఉద్యోగం ఇంకా రెండేళ్లే ఉంది.

ఉత్తరం జేబులో పెట్టుకుని సాయంత్రం రైలుకు తాండూరులో దిగాను. ఆమె కార్యాలయం తాళాలు వేస్తోంది. విషయం చెప్పాను. కొంగు నడుముకు చుట్టి నా ఎదుట నిలబడింది.

"ఏం సారు, నేను లెక్కలు పుట్టించిన్నా?"

"నెల కలుస్తున్నది గానీ దినాలు కలుస్తలేవమ్మా. పొలం లెక్క చూసి రాసినవా?"

"యా అల్లా! గా పొలం ఏ దిక్కున్నదో గూడ నాకు తెల్వదు. నా మొగడు సచ్చిన యాడాది నుంచి గీ డబ్బానే చూసుకుంటున్న. నన్ను దొంగ అంటవా?" చూపు దించలేదు. "డబ్బా ఎప్పుడు పీకుతరు?"

"రేపు పది గంటలకు."

"అయితె ఎనిమిదిన్నరకు రా. మబ్బు మస్తున్నది, వాన పడ్తది. నీ కండ్లతోని చూడు. అబద్ధమైతె నేనే గడ్డపార తెస్త."

ఆ రాత్రి వాన పడింది, దంచి కొట్టింది. తెల్లారి ఎండ కాసింది. ఎనిమిదిన్నరకు లాల్‌బీ సీసా తీసి, గ్లాసులోకి వంచి, కంటికి ఎదురుగా పట్టుకుని చూసింది. మళ్లీ చూసింది. ముప్పై ఎనిమిది. ఆ రోజు తారీఖు పదిహేను. పదిహేను ఎదుట రాసింది. అందులో వంక పెట్టడానికేమీ లేదు. పొలం లెక్క కూడా నా కళ్లతోనే చూడాలనిపించింది. సాటి అటెండరు గఫూర్ సైకిలు లాక్కుని పొలం దారి పట్టాను.

ఆ బురదలో ఎన్నిసార్లు దిగి తోశానో! వెళ్లేసరికి మొగులప్ప నీళ్లు కొలిచి గోడ మీద బొగ్గుతో ముప్పై ఏడు అని రాసుకున్నాడు. అప్పుడే రిజిస్టరు తెచ్చి ఎక్కిస్తున్నాడు. ముప్పై ఎనిమిది, ముప్పై ఏడు! కలిశాయి! గంతేయబోయి, ఆయన వేలు ఎక్కడుందో చూసి ఆగిపోయాను.

"మొగులప్పా, ఇయ్యాల తారీఖెంత?"

"పదిహేను."

"మరి పద్నాలుగు కాడ రాస్తున్నవేంది?"

"వాన పడ్డది నిన్న రాత్రి గద సారు."

"చూసిన తారీఖే రాయాలని చెప్పలేదా నీకు?"

"చెప్పిన్రు. గట్ల రాస్తె అబద్ధం గాదా? ఇయ్యాల ఎండ గొడ్తున్నది. ఇయ్యాల వాన పడ్డదని ఎట్ల రాయాలె? పొద్దు పొడిస్తెనే గద దినం మారేది!"

సంచిలో రెండు లెక్కలూ పొడవాటి కాగితం పట్టీల మీద రాసి ఉన్నాయి. అక్కడే నేల మీద పరిచాను. పొలం పట్టీని ఒక్క గడి, ఒకే ఒక్క గడి కిందికి జరిపాను. అరవై ఎనిమిది పక్కన అరవై ఏడు! పన్నెండు పక్కన పన్నెండు! సున్న పక్కన సున్న! ఎనిమిదేళ్ల వానలు గబగబా ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చున్నాయి. కేక పెట్టాను. మొగులప్పను ఎత్తి తిప్పాను. "సారుకేమైంది?" అని ఆయన భయపడిపోయాడు. ఇద్దరు నిజాయితీపరులు, మూడు మైళ్ల దూరంలో, ఒకే వాన! మధ్యలో నా ఎర్ర పెన్సిలు!

అప్పుడు గుర్తొచ్చింది, పది గంటలకు గడ్డపారలు. సైకిలెక్కితే సగం దారిలో గొలుసు ఊడింది. దాన్ని గట్టున పడేసి పరుగందుకున్నాను. వెళ్లేసరికి గద్దె పగిలింది, డబ్బా పక్కకు ఒరిగింది. లాల్‌బీ రిజిస్టరును రొమ్ముకు హత్తుకుని నిలబడి ఉంది.

"ఆపుండ్రి! ఆపుండ్రయ్యా! నాదే తప్పు!" అని అరుస్తూ డబ్బాకు అడ్డంగా పడ్డాను. పై ఆఫీసుతో నేను మాట్లాడుకుంటానన్నాను. జేబులో ఉత్తరం తీసి అందరి ముందూ ముక్కలు చేశాను. రొప్పుతూనే మొగులప్ప సంగతి చెప్పాను.

లాల్‌బీ అడ్డంగా తలూపింది. "ఆయననేం అనకు సారు. ఆయన దినం పొద్దుతోని మారుతది. మాకు పొద్దు గూకినంక మగ్రిబ్ నమాజ్‌తోనే మారుతది. రాత్రి పడ్డ వాన తెల్లారే దినానిదే అంటె నాకు వింత గొట్టలె. చూసిన దినం రాయమన్నరు, రాసిన."

"తప్పయింది. మాఫ్ చెయ్యమ్మా."

అప్పుడు ఏడ్చింది. ఇన్నేళ్ల కార్యాలయం ముందు, గడ్డపారల వాళ్ల ముందు, వెక్కి వెక్కి ఏడ్చింది. నాకూ ఆగలేదు. తర్వాత ముఖం తుడుచుకుని, గఫూర్‌ను పంపి సిమెంటు తట్టెడు తెప్పించి, తానే కలిపింది. డబ్బాను గద్దెలో నిలబెట్టి నా చేతులు లాగి దాని మీద పెట్టింది.

"నువ్వే పీకిపిచ్చినవు, సిమెంటు గట్టివడేదాంక నువ్వే పట్టుకో."

"ఎంతసేపు?"

"పద్నాలుగేండ్లు నేను చూసిన. నువ్వొక్క పూట చూడు బేటా. జర సీదా పట్టు."

మధ్యాహ్నం దాటేదాకా పట్టుకున్నాను. తహసీలుకొచ్చిన రైతులందరూ ఆగి ఆగి చూశారు. ఎవరీయన అని ఎవరైనా అడిగితే లాల్‌బీ కిటికీలోంచి గట్టిగా చెప్పింది, హైదరాబాదు నుంచి వాన కొలుచుడు నేర్చుకునేటందుకు వచ్చిండని.