వాపసొచ్చిన బెల్టు

నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. బైబిలు చదువుకుందామని నేర్చుకున్నాను గానీ ఎక్కువగా చదివింది అట్టపెట్టెల మీది రాతే. హనుమాన్ జంక్షన్‌లో వరికోత మిషన్ల స్పేర్ పార్టుల కొట్టు మాది. మాది అంటే నేను పనిచేసేది, కొట్టు కంపెనీది. అప్పటిదాకా ఊడ్చేదాన్ని, చదవడం వచ్చాక సరుకు తీసిచ్చే పనిలో పెట్టారు. ఇప్పటికీ అదే పని. మోకాళ్ళే నిచ్చెన ఎక్కనివ్వడం లేదు.

మా వైపు ఒక అలవాటుంది. కోతల ముందు మిషన్ల వాళ్ళూ రైతులూ వచ్చి ముందుజాగ్రత్తగా ఒక బెల్టు పట్టుకెళ్తారు. మిషన్‌లోది తెగితే వేసుకుంటారు. తెగకపోతే కోతలయ్యాక కవరు కూడా విప్పకుండా తెచ్చిచ్చేస్తారు. మారుమాట లేకుండా తీసుకుని డబ్బులు తిరిగిచ్చేస్తాం. తీసుకోకపోతే వచ్చే ఏడు మా గుమ్మం తొక్కరు.

పోయిన ఎండాకాలం కంపెనీ నుంచి ఒకమ్మాయి వచ్చింది. ఏ ఊళ్ళో ఏ సరుకు ఎంత ఉంచాలో లెక్కకట్టడం ఆ పిల్ల ఉద్యోగం. విజయవాడ అవతల ఇబ్రహీంపట్నం దగ్గర పెద్ద గోడౌన్ కట్టారట. అన్నీ అక్కడ పెట్టి, అడిగితే మర్నాడు వ్యానులో పంపుతారట. మా దగ్గర కదిలే సరుకే ఉంచాలట. మాట మంచిదే. ఎలకలు కొరికేసిన బెల్టులు ఎన్నో ఈ చేత్తోనే ఊడ్చి పారేశాను.

"ఈ పెద్ద బెల్టు ఏడాదంతా ఒక్కటీ అమ్మలేదమ్మా," అంది ల్యాప్‌టాప్ చూస్తూ.

"కోతలప్పుడు కట్టలు కట్టలు పట్టుకెళ్ళారే."

"అన్నీ తెచ్చిచ్చేశారుగా. అమ్మినవాట్లో వాపసు తీసేస్తే సున్నా."

"పోయినేడు కోతలప్పుడు వానల్లేవు, వరి పొడిగా ఉండి ఏవీ తెగలేదు. ప్రతి ఏడూ అట్టాగే ఉంటదా?"

"మీరన్నది అర్థమైందండీ. పైవాళ్ళకి రాస్తాను కూడా. కానీ వాళ్ళకి కనిపించేది ఈ సున్నానే."

మంచిపిల్ల. రాసే ఉంటుంది. బెల్టులు మాత్రం వ్యానెక్కి వెళ్ళిపోయాయి.

కోతలొచ్చాయి. మా డెల్టాలో కాలవ నీళ్ళు అందరికీ ఒక్కసారే వస్తాయి, చేలూ ఒక్కసారే పండుతాయి. టీవీలో తుఫాను అంటున్నారు. ఆ మధ్యాహ్నం మా తమ్ముడు తెగిన బెల్టు మెళ్ళో వేసుకుని కొట్టుకొచ్చాడు. వాడిది కౌలు చేను. ఆ పంట తప్ప వాడికి ఇంకేం లేదు.

"ఏరా, ఎవరేశారు ఆ దండ?"

"నవ్వమాక అక్కా. మిషన్ నా చేలోనే ఆగిపోయింది. ఇలాంటిదొకటి ఇయ్యి."

"లేదురా."

"ఇన్ని ర్యాకులు పెట్టుకుని లేకపోవడమేంటి?"

"ఇబ్రహీంపట్నంలో ఉంది. రేపు పొద్దున వస్తది."

"అయితే ఆ మాట మబ్బుక్కూడా చెప్పు. ఆగుతుందేమో."

బండేసుకుని తనే వెళ్ళి తెచ్చుకుంటానన్నాడు. గోడౌన్‌కి ఫోన్ చేశాను. బయటివాళ్ళకి చేతికివ్వరట, వ్యానులోనే రావాలట. తిడదామని ఆ అమ్మాయికి చేశాను. "నా చేతిలో ఉంటే ఇప్పుడే ఇప్పించేదాన్నమ్మా," అంది. ఇంక ఏం తిడతాను. విజయవాడ ఆటోనగర్ కొట్లన్నిట్లో అడిగించాం. అందరి కోతలూ ఆ వారమే, ఎవరి దగ్గరా మిగల్లేదు. వాడు బల్ల మీద కూర్చుని టీ చల్లార్చుకున్నాడు. నేను ఖాళీ ర్యాకు తుడిచాను. అందులో తుడవడానికేం లేదు.

పొద్దుగూకే వేళకి వాన పట్టుకుంది.

మర్నాడు వ్యాను చెప్పిన వేళకే వచ్చింది. వాడు తడుస్తూ వచ్చి బెల్టు తీసుకెళ్ళాడు. అప్పటికే చేలో నీళ్ళు నిలిచి వరి పడిపోయింది. దిగబడిపోయేట్టుందని మిషన్ ఓనరు దాన్ని ట్రాక్టరుతో బయటికి లాగించుకుని పోయాడట.

వాన వెలిశాక మళ్ళీ వచ్చాడు. చేతిలో బెల్టు, కవరు విప్పలేదు.

"వాడలేదక్కా. తీసుకో."

"చేనెట్టా ఉందిరా?"

"కంకులకి మొలకలొచ్చినయ్."

వాపసని కంప్యూటర్‌లో నేనే కొట్టాను. ఆ బెల్టుకి ఎదురుగా మళ్ళీ సున్నా వచ్చింది. దాన్ని ర్యాకులోనే ఉంచుకుంటామని ఫోన్ చేసి అడిగాను. కుదరదన్నారు. తర్వాతొచ్చిన వ్యాను దాన్నీ ఎక్కించుకుపోయింది.