బోసి చెవులు

మా సంఘంలో బాప్తిస్మం తీసుకున్న ఆడవాళ్లు నగలు పెట్టుకోరు. నేను కమ్మలు తీసేసి ఇరవై ఏళ్లు దాటింది. నాకు అన్నం పెట్టేది మాత్రం నగలే. బందరు పక్కన చిలకలపూడిలో, రోల్డ్‌గోల్డ్ నగలు చేసే షెడ్డులో రాళ్లు అతుకుతాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చేతుల నిండా హారాలు, ఒంటి మీద ఒక్క పూసైనా ఉండదు. ఈ సంగతి చర్చిలో సాక్ష్యం చెప్పిన ప్రతిసారీ చెప్పేదాన్ని. పాస్టరు గారు "అక్కగారిని చూసి నేర్చుకోండి" అంటే తల వంచుకునేదాన్ని. లోపల మాత్రం పొంగిపోయేదాన్ని.

నిజంగా నన్ను చూసి నేర్చుకున్నది ఒక్కతే. పెడనలో కలంకారీ అద్దకం పనిచేసే అమ్మాయి. అత్తవారింట్లో ఆ పిల్ల తప్ప ఎవరూ ప్రార్థనకు రారు. బాప్తిస్మం రోజున కమ్మలు తీసేస్తే, అత్తగారు వీధిలో నిలబడి "నా కొడుకు బతికుండగానే బోసి చెవులేంటే?" అని శాపనార్థాలు పెట్టిందట. రెండేళ్లు ఆ మాటలు పడింది. "అక్క నగల మధ్యన కూర్చుని కూడా పెట్టుకోదత్తయ్యా, నాకేం కష్టం?" అనేదట. అది విని సంతోషించాను, బుద్ధిలేనిదాన్ని. భయపడాల్సింది.

మొన్న వేసవిలో ఎర్రరాళ్ల జుంకాలు చేశాం. వెనక బిగించే శీల సరిగ్గా పడుతోందో లేదో చూద్దామని పెట్టుకున్నానని అందరికీ చెప్పాను. అబద్ధం. శీల చేతిలోనే చూడొచ్చు. నాకు పెట్టుకోవాలనిపించింది, అంతే. ఇన్నేళ్లయినా నా చెవుల రంధ్రాలు పూడలేదు. "కదలకండి పిన్నిగారూ, భలే ఉన్నాయండీ" అంటూ యజమాని కోడలు ఫోన్ పైకెత్తింది. వద్దనాలి. అనకపోగా, జుంకా బాగా కనబడాలని తల కాస్త పక్కకు తిప్పాను.

మర్నాడు ఆ ఫొటో వాళ్ల వాట్సాప్ స్టేటస్‌లో ఉంది. బతిమాలి తీసేయించాను. అప్పటికే అది పెడన దాకా వెళ్లిపోయింది.

పాస్టరు గారి దగ్గర ఏడ్చి ఒప్పుకున్నాను. ఆయన ప్రార్థన చేసి "ప్రభువు క్షమించాడమ్మా, వెళ్లిరా" అన్నారు. నా సంగతి అంత తేలిగ్గా తేలిపోయింది. ఆ పిల్ల మాత్రం ఫోన్ ఎత్తలేదు. రెండు ఆదివారాలు చర్చికీ రాలేదు.

మూడోవారం షెడ్డుకే వచ్చింది, అత్తగారితో. ఆవిడ తన ఫోన్లో ఉన్న నా ఫొటో చూపించి, "మా కోడలికి ఇలాంటివే కావాలండీ" అంది, ఎంతో మర్యాదగా. పూడిపోయిన చెవులు మళ్లీ కుట్టించారు. తమ్మెలు వాచి ఎర్రగా ఉన్నాయి. రంధ్రాల్లో వేపపుల్లలున్నాయి.

ఆ పిల్లను పక్కకు తీసుకెళ్లాను. "తప్పు నాదమ్మా. నన్ను చూడకు, ప్రభువును చూడు" అన్నాను. ఇన్నేళ్లూ నన్ను చూడమని మురిసినదాన్ని, ఆ మాట అంటుంటే నాకే సిగ్గేసింది.

"ఆయన నాకెక్కడ కనపడ్డారక్కా? మా ఇంట్లో అన్నన్ని మాటలంటుంటే మీరే కనపడేవారు" అంది. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది.

తరవాత బల్ల ముందు కూర్చుని చెవి నా వైపు తిప్పింది. "మీరే పెట్టండక్కా. మీకు అలవాటు కదా."

అత్తగారు చూస్తూ నిలబడింది. పుల్ల తీసి జుంకా పెట్టాను. పిల్ల కళ్లు మూసుకుంది. శీల సరిగ్గానే పడింది.