మరదలి అక్షరం

అమరచింత దగ్గరి ఒక పల్లెలో ఇస్రాయేలు కూలిపని చేసేవాడు. చిన్నప్పుడు మిషన్ బంగళాలో ఇటలీ ఫాదరుకు కట్టెలు కొట్టిపెడుతూ, ఆయన దగ్గర కొంత లాటిన్ నేర్చుకున్నాడు. అరవై ఏళ్లొచ్చినా మరవలేదు. "ఆ చదువుతోని సోలెడు గింజలొచ్చినయా?" అని భార్య పుష్పమ్మ దెప్పేది.

2006 ఎండాకాలంలో అతని తమ్ముడు దేవరాజు, మరదలు సుగుణమ్మ వారం తేడాతో పోయారు. వాళ్ల కూతురు మానస ఇద్దరికీ ఒకటే సమాధి కట్టించింది.

"పెదనాయనా, ఫాదరు గోరీ మీదున్న మాటనే రాయించు," అంది.

ఫాదరు రాతి మీద ఉన్నది 'రెక్వియెస్కాత్'. ఇస్రాయేలు 'రెక్వియెస్కాంత్' అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి, గద్వాలలో రాళ్లు చెక్కే వెంకటన్నకు ఇచ్చాడు. వారం తర్వాత పోతే షాబాదు బండ మీద 'ఎన్' లేదు.

"ఫాదరు గోరీకి రంగేసింది నేనే. దాంట్ల ఎన్ లేదు. నువ్వే తప్పు రాసినవనుకున్న," అన్నాడు వెంకటన్న.

"ఆడ పండుకున్నది ఒక్కడు, ఈడ ఇద్దరు! ఒక్కడైతే వచ్చిండంటం, ఇద్దరైతే వచ్చిన్రంటం. గట్లనే గిది!"

"సచ్చినోళ్లు చూసుకుంటరా?"

"నేను చూస్త!"

రెండోసారి పోయేసరికి వెంకటన్న మాట చివర, 'టీ' తర్వాత, 'ఎన్' ఇరికించి పెట్టాడు. ఇస్రాయేలు తల పట్టుకుని ఆ రాతిపొడిలోనే కూలబడ్డాడు.

"గట్ల నోరు తిరుగుతదా? నువ్వే చదువు, జర వింట!"

చివరికి బండను తిరగేయించాడు. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా కదలకుండా కూర్చొని, ఒక్కో అక్షరం చెప్పి వెనకవైపు చెక్కించాడు.

బండ నిలబెట్టిన రోజు మానస అడిగింది. "ఏమన్నట్టు పెదనాయనా?"

"క్వియెస్ అంటే నిమ్మలం. గాడికెళ్లి పుట్టిన మాట. ఒక్కరైతే నిమ్మలంగ పండుకోనీ ఆయన్ను అని. ఎన్ పెడితే వాళ్లను అని."

కలుపు తీసీ తీసీ నడుము వంగిన తల్లి ఒక్క పూట కూడా నిమ్మలంగా కూర్చున్నట్టు మానసకు గుర్తు లేదు.

ప్రార్థన కాగానే సంఘపెద్ద దశరథం బండ మీదికి వంగి చూశాడు. "ఇస్రాయేలన్నా, ఫాదరు గోరీ కన్న ఒక అక్షరం ఎక్కువ పడ్డట్టుందే!"

ఇస్రాయేలు మొహం ఎర్రబడింది. అతను నోరు తెరిచేలోపే మానస అందుకుంది.

"ఎక్కువ గాదు మామా. అది మా అమ్మది."

దశరథం గొణుక్కుంటూ పోయాడు. మళ్లీ మొదటి నుంచి చెప్పే ఓపిక ఇస్రాయేలుకు లేదు. బీడీ వెలిగించుకుని నీడకు నడిచాడు.