ఫోన్లో పెళ్లికొడుకు గొంతు

నేను పరుపులు కుట్టేవాణ్ణి. దూది అని చెప్పి ఎవడైనా బస్తా దించితే, చెయ్యి మోచేతిదాకా లోపలికి దూర్చి చూడందే తీసుకోను. పైన తెల్లగానే ఉంటుంది, అడుగున మిల్లు చెత్త ఉంటుంది. అలాంటి నన్ను రెండేళ్ల కిందట ఇంటర్నెట్ కాల్లో జరిగే నిఖాకి వకీలుగా కూర్చోబెట్టారు. వకీలంటే పెళ్లికూతురిని అడిగి, ఆమె ఒప్పుకుందని సభలో చెప్పే మనిషి. పిల్ల మా అక్క కూతురు. తండ్రి లేడు. డిగ్రీ చదివి చీరాలలోనే చీరల కొట్లో పనిచేస్తోంది. రేపు ఏదైనా తేడా వస్తే అందరూ నా మొహానే ఉమ్మేస్తారు, ఉమ్మాల్సిందే.

పెళ్లికొడుకుది సింగరాయకొండ. గల్ఫ్‌లో ఏసీ మెకానిక్కు. సెలవు దొరకలేదట. వచ్చాకే చేద్దామంటే వాళ్లమ్మ ఒప్పుకోలేదు.

"ఇప్పుడంతా ఇలాగే చేసుకుంటున్నారు అన్నయ్యా. నెట్ కాల్ ఫ్రీ కూడానూ" అంది.

ఫ్రీ అనగానే నాకు అనుమానం మొదలైంది. మామూలు ఫోనైతే ఓ నంబరైనా కనబడుతుంది. ఇందులో గుండ్రటి బొమ్మ, దాని కింద ఓ పేరు. ఆ బొమ్మ వెనకాల ఎవడున్నాడో ఎవడు చూడొచ్చాడు? మా బజారులో ఒకాయనకి తమ్ముడి గొంతుతోనే ఫోనొచ్చింది, ఆస్పత్రిలో ఉన్నానంటూ. తీరా చూస్తే తమ్ముడు పక్కగదిలో గురకపెట్టి నిద్రపోతున్నాడు.

ఆ పొద్దున అక్కావాళ్లింటికి ఖాజీగారు వచ్చారు. ముందు ఇద్దరు సాక్షుల్ని వెంటబెట్టుకుని లోపలికెళ్లాను. పిల్ల ముసుగేసుకుని కూర్చుంది. అబ్బాయి పేరు చెప్పి, "ఈ నిఖా నీకు ఇష్టమేనా అమ్మా?" అని మూడుసార్లు అడిగాను. తల వంచుకుంది. "ఒప్పుకుందిలేరా, సిగ్గు దానికి" అంది అక్క. మా వాళ్లలో పెళ్లికూతురు నోరు మెదపకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. బయటికొచ్చి ఒప్పుకుందని చెప్పేశాను. నిమిషం పట్టలేదు.

తర్వాత ఫోను. కిటికీ దగ్గర పెడితేగానీ సిగ్నల్ లేదు. వీడియో పెడితే అబ్బాయి నోరు తెరిచినవాడు తెరిచినట్టే బిగుసుకుపోయాడు. వీడియో తీసేసి స్పీకరు పెట్టారు.

"గొంతు అబ్బాయిదేనని అందరూ ఒప్పుకుంటేనే నేను ముందుకెళ్తాను" అన్నారు ఖాజీగారు.

"నేను ఒప్పుకోను" అన్నాను.

"అయ్యో, నా కొడుకు గొంతు నాకు తెలీదా అన్నయ్యా!" అంది పెళ్లికొడుకు తల్లి.

"తెలుస్తుందమ్మా. మీరు అబ్బాయి పక్షమేగా."

అక్క నా చొక్కా పట్టి లాగింది. నేను లెక్కచెయ్యలేదు. "ఏం బాబూ, మీ ఇంటి నుంచి స్టేషనుకి ఎటు వెళ్లాలి?" అని అడిగాను. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేదాకా చప్పుడు లేదు. అప్పుడు జవాబొచ్చింది. సరైనదే. కానీ ఆ మూడు అంకెల్లో పక్కనున్నవాడు చెవిలో ఊదొచ్చుగా? ఇంకోటి అడిగాను. మళ్లీ అంతే ఆలస్యం. "నెట్ కదండీ, మాట లేటుగా వస్తుంది" అన్నాడు. దొంగకి ఎప్పుడూ ఏదో ఒక సాకు ఉంటుందనుకున్నాను. చివరికి ఇరవై నుంచి వెనక్కి లెక్కపెట్టమన్నాను. సభంతా పకపకా నవ్వింది. పాపం, ఒకటిదాకా లెక్కపెట్టాడు. అప్పటికి అరగంట గడిచింది.

"మామయ్యా, మీరడిగినవన్నీ చెప్పాను. నేనొక్కటి అడగొచ్చా?" అన్నాడు. "ఆ అమ్మాయి గొంతు నేనింతవరకూ వినలేదండి. ఎప్పుడు ఫోన్ చేసినా వాళ్లమ్మగారే మాట్లాడారు. ఒక్కసారి ఇస్తారా?"

నాకు ఒళ్లు మండిపోయింది. అంటే నేను చెప్పిన మాట మీద వీడికి నమ్మకం లేదన్నమాట! విసురుగా ఫోను లోపలికి తీసుకెళ్లి, అక్కడి కిటికీ పక్కనే కూర్చున్న పిల్ల చేతిలో పెట్టాను. "చెప్పవే, నీ నోటితోనే చెప్పు."

పిల్ల ముసుగు వెనక్కి తోసింది. కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. ఫోను రెండు చేతుల్తో పట్టుకుంది.

"నాకు ఇష్టం లేదండి. మీరు మంచివారే కావచ్చు. నేనెప్పుడూ చూడని మనిషిని ఫోన్లో చేసుకోలేను."

స్పీకరు ఆన్‌లోనే ఉంది. ముందుగదిలో కూర్చున్నవాళ్లంతా విన్నారు. అటునుంచి మాట రావడానికి మళ్లీ అంతే ఆలస్యమైంది.

"సరేనండి. ఇప్పుడైనా చెప్పారు, మంచిది" అన్నాడు అబ్బాయి. కాల్ కట్టయింది.

అక్క గోడకి జారబడి ఏడవడం మొదలుపెట్టింది. నేను పిల్ల ముందు కూలబడ్డాను. అబ్బాయి కూడా ఒప్పుకున్నానని ఒక్క మాట అనేసి ఉంటే దీని బతుకు నా నోటితోనే ముగించేవాణ్ణి. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక దాని మీదే అరిచాను.

"ఇందాక అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదే?"

"మూడుసార్లు అడిగావు మామయ్యా" అంది. "ఒక్కసారైనా ఆగావా?"